కారు సబ్‌వూఫర్ వైరింగ్: ఓమ్స్ లెక్క చూసి ఆంప్లిఫయర్ ఎంచుకోవడం, కనెక్షన్ ఇవ్వడం

సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు ఏదో ఒక కార్ యాక్సెసరీస్ షాపుకెళ్ళి వూఫర్ కావాలని అడిగి చూడండి. మొదట వినిపించేది వాట్స్ సంఖ్యే. "అన్నా, ఇది పద్నాలుగొందల వాట్స్, అద్దాలు అదుర్తయ్." పెట్టెలో మాన్యువల్ తీసి చదివితే ఆర్‌ఎంఎస్ 350 అనో 400 అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ పక్కనే ఓమ్స్ ఎంతో కూడా ఉంటుంది. మనకు పనికొచ్చేవి ఆ రెండు సంఖ్యలే. వూఫర్ ఒక రోజు, ఆంప్ ఇంకో రోజు కొని, ఎలాగోలా కలిపేద్దాం అనుకునేవాళ్ళకే ఎక్కువగా కాయిల్ (వూఫర్ లోపలి తీగచుట్ట) కాలడం, ఆంప్ ఆగిపోవడం లాంటి తలనొప్పులు వస్తాయి. రెండింటి మాన్యువల్స్ ముందు పెట్టుకుని, కాగితం మీద వైరింగ్ గీసుకున్నాకే డబ్బు కట్టండి.

ఈ వ్యాసంలో ఉదాహరణగా ఒక మామూలు హ్యాచ్‌బ్యాక్ తీసుకుందాం. కంపెనీ ఇచ్చిన టచ్‌స్క్రీన్ స్టీరియో అలాగే ఉంటుంది. డిక్కీలో ఒక 12 అంగుళాల సబ్ (సబ్‌వూఫర్), దానికి ఒక మోనోబ్లాక్ ఆంప్, అంటే ఒకే ఛానల్ ఉన్న ఆంప్.

1. ఆర్‌ఎంఎస్, ఓమ్స్ చూడటం

ఆగకుండా వాయించినా సబ్ తట్టుకునే పవర్ ఆర్‌ఎంఎస్. ఆంప్ విషయంలో అయితే ఆగకుండా ఇవ్వగలిగే పవర్. పీక్, మ్యాక్స్ అని రాసేవి క్షణకాలపు లెక్కలు, వాటిని పక్కన పెట్టేయండి. ఆంప్ మీద సీఈఏ-2006 అనే గుర్తు ఉంటే కొంత నమ్మొచ్చు. 14.4 వోల్ట్స్ సప్లై ఇచ్చి, 4 ఓమ్స్ లోడ్ పెట్టి, డిస్టార్షన్ 1 శాతం దాటకుండా కొలిచిన పవర్ అది. ఆ గుర్తు లేకపోతే ఆంప్ పక్కన ఉన్న ఫ్యూజులు చూడండి. ఒక్క 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి 2000 వాట్స్ అని రాశారంటే అది ఉత్త మాట. 30 ఆంపియర్లను 13.8 వోల్ట్స్‌తో గుణిస్తే లోపలికి వెళ్ళేదే 414 వాట్స్. అందులో కొంత వేడిగా పోగా, కరెంటు తక్కువ వృథా చేసే క్లాస్ డీ రకం ఆంప్ అయినా బయటికి వచ్చేది 330 దగ్గర ఆగుతుంది.

ఇక ఓమ్స్. కాయిల్ కరెంటుకి ఎంత అడ్డు పడుతుందో చెప్పేది ఈ సంఖ్య. అడ్డు తగ్గేకొద్దీ ఆంప్ నుంచి ఎక్కువ కరెంటు, దాంతో ఎక్కువ పవర్ వస్తుంది. కానీ ప్రతి ఆంప్‌కీ ఒక కనిష్ఠ ఓమ్స్ పరిమితి ఉంటుంది. అంతకన్నా కిందికి పోతే వేడెక్కి ప్రొటెక్ట్‌లోకి వెళ్తుంది, అంటే తనను కాపాడుకోవడానికి తానే ఆగిపోతుంది. అదృష్టం బాగాలేకపోతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లే పోతాయి.

2. ఓమ్స్ లెక్క

నేడు దొరికే సబ్స్ రెండు రకాలు. సింగిల్ వాయిస్ కాయిల్ అయితే ఒక ప్లస్, ఒక మైనస్. డ్యూయల్ వాయిస్ కాయిల్ అయితే రెండు ప్లస్‌లు, రెండు మైనస్‌లు. డ్యూయల్‌లో ఎక్కువగా దొరికేవి మళ్ళీ రెండు రకాలు: ఒక్కో కాయిల్ 4 ఓమ్స్ ఉండేవి, ఒక్కో కాయిల్ 2 ఓమ్స్ ఉండేవి.

సిరీస్‌లో కలిపితే ఓమ్స్ కూడతాయి. మొదటి కాయిల్ మైనస్‌ను రెండో కాయిల్ ప్లస్‌కు చిన్న వైరు ముక్కతో కలిపి, మిగిలిన ప్లస్, మైనస్ ఆంప్‌కు ఇస్తాం. ప్యారలల్ అంటే ప్లస్‌ను ప్లస్‌తో, మైనస్‌ను మైనస్‌తో కలపడం. ఒకేలాంటి రెండు కాయిల్స్ ప్యారలల్ చేస్తే ఓమ్స్ సగమవుతాయి.

ఒక్క సబ్ అయితే:
- డ్యూయల్ 4 ఓమ్స్: ప్యారలల్‌లో 2, సిరీస్‌లో 8.
- డ్యూయల్ 2 ఓమ్స్: ప్యారలల్‌లో 1, సిరీస్‌లో 4.
- సింగిల్ 4 ఓమ్స్: ఎలా కలిపినా 4.

రెండు సబ్స్ అయితే:
- రెండు సింగిల్ 4 ఓమ్స్: ప్యారలల్‌లో 2, సిరీస్‌లో 8.
- రెండు డ్యూయల్ 4 ఓమ్స్: అన్నీ ప్యారలల్ చేస్తే 1. ఒక్కో సబ్‌లోని కాయిల్స్‌ను సిరీస్ చేసి, ఆ రెండు సబ్స్‌ను ప్యారలల్ చేస్తే 4.
- రెండు డ్యూయల్ 2 ఓమ్స్: ఒక్కో సబ్‌లో సిరీస్, తర్వాత రెండింటినీ ప్యారలల్ చేస్తే 2. అన్నీ ప్యారలల్ చేస్తే 0.5 అవుతుంది, దాని జోలికి పోవద్దు.

ఇందులో చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. డ్యూయల్ 4 ఓమ్స్ సబ్ ఒక్కటి ఉంటే 2 ఓమ్స్ వస్తుంది. అదే సబ్ ఇంకోటి తెచ్చి పక్కన పెట్టారనుకోండి, నాలుగు కాయిల్స్‌నీ ఎటు తిప్పి కలిపినా ఇక 2 ఓమ్స్ రాదు. పనికొచ్చేవి 1 లేదా 4 మాత్రమే. అందుకే "ఇప్పుడు ఒకటి, దసరాకి ఇంకోటి" అనే ప్లాన్ ఉన్నవాళ్ళు మొదటి రోజే 1 ఓమ్ తట్టుకునే మోనోబ్లాక్ కొనాలి. ఇవాళ ఒక సబ్ 2 ఓమ్స్ మీద నడుస్తుంది, రేపు రెండు సబ్స్ 1 ఓమ్ మీద నడుస్తాయి, ఆంప్ మార్చే పని ఉండదు.

రెండు వేర్వేరు మోడల్స్ కలపడం మాత్రం వద్దు. పవర్ సమానంగా పంచుకోవు. ఒకటి ఊగిపోతుంటే ఇంకోటి తీరిగ్గా ఉంటుంది. డ్యూయల్ కాయిల్ సబ్‌లో ఒక కాయిల్ వదిలేసి ఒక్కదానికే కనెక్షన్ ఇవ్వడం కూడా మంచిది కాదు. తట్టుకునే పవర్ సగానికి పడిపోతుంది.

3. ఆంప్‌తో జత కుదర్చడం

మన ఉదాహరణలో సబ్ ఆర్‌ఎంఎస్ 400 వాట్స్, డ్యూయల్ 4 ఓమ్స్ అనుకుందాం. ఆంప్ మాన్యువల్‌లో ఇలా ఉంది: 4 ఓమ్స్ దగ్గర 250, 2 ఓమ్స్ దగ్గర 400, 1 ఓమ్ దగ్గర 600 వాట్స్. కాయిల్స్ ప్యారలల్ చేస్తే 2 ఓమ్స్, కాబట్టి 400 వాట్స్. సరిగ్గా సరిపోయింది. ఇదే సబ్‌ను తెలియక సిరీస్‌లో కలిపితే 8 ఓమ్స్ పడుతుంది, ఆంప్ నుంచి 125 వాట్స్ దాకానే వస్తుంది. "ఇంత డబ్బు పోసినా బేస్ రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఇదే ఉంటుంది.

ఇదే ఆంప్‌కు షాపువాడు డ్యూయల్ 2 ఓమ్స్ సబ్ అంటగట్టాడనుకోండి. సిరీస్‌లో 4 ఓమ్స్, 250 వాట్స్‌తో సరిపెట్టుకోవాలి. ప్యారలల్‌లో 1 ఓమ్, 400 తట్టుకునే సబ్‌కు 600 పోతుంది. రెండూ కుదరని బేరాలే. సబ్ పేరు చివర ఉండే ఆ 2, 4 అంకెలను చూడకుండా బిల్లు వేయించుకోవద్దనేది ఇందుకే.

చాలామంది దగ్గర పాత 4 ఛానల్ ఆంప్ ఉంటుంది. దాని రెండు ఛానల్స్‌ను బ్రిడ్జ్ చేసి, అంటే రెండింటినీ ఒకే ఛానల్‌లా కలిపి, సబ్ నడపొచ్చు. కాకపోతే బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో ఛానల్‌కు లోడ్‌లో సగమే కనిపిస్తుంది. 4 ఓమ్స్ పెడితే ఒక్కోదానికి 2. అందుకే దాదాపు ఇలాంటి ఆంప్స్ అన్నింటికీ బ్రిడ్జ్‌లో 4 ఓమ్సే కనిష్ఠం. డ్యూయల్ 2 ఓమ్స్ సబ్ సిరీస్‌లో పెట్టినా, సింగిల్ 4 ఓమ్స్ సబ్ పెట్టినా ఇక్కడ సరిపోతుంది. డ్యూయల్ 4 ఓమ్స్ సబ్‌ను ప్యారలల్ చేస్తే 2 అవుతుంది, అది ఇక్కడ పనికిరాదు; సిరీస్‌లో 8 పెడితే నడుస్తుంది కానీ పవర్ తగ్గిపోతుంది.

ఆంప్ పవర్ సబ్ ఆర్‌ఎంఎస్‌కు 75 నుంచి 100 శాతం మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. కొంచెం ఎక్కువున్నా గెయిన్ (ఆంప్ మీద సిగ్నల్‌ను సరిపెట్టే నాబ్, 9వ భాగంలో చూద్దాం) జాగ్రత్తగా పెట్టుకుంటే ఇబ్బంది లేదు. తక్కువ పవర్ ఆంప్ పెడితే సబ్ కాలిపోతుందనే మాట బాగా తిరుగుతోంది. తక్కువ పవర్ వల్ల ఏ సబ్ కూడా కాలదు. చాలడం లేదని గెయిన్, బేస్ బూస్ట్ చివరిదాకా తిప్పి ఆంప్‌ను పిండితే సిగ్నల్ తలలు తెగుతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు కాయిల్‌లోకి సగటు పవర్, వేడి పెరుగుతాయి. వార్నిష్ మాడిన వాసన వచ్చిందంటే కాయిల్ పని అయిపోవచ్చినట్టే.

400కి బదులు 500 వాట్స్ ఆంప్‌కు ఇంకో నాలుగు వేలు పెట్టాలా అని ఆలోచిస్తున్నవాళ్ళకు ఒక లెక్క: పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. 400 నుంచి 500కి వెళ్తే 1 డెసిబెల్ దాకా. చెవికి తేడా తెలియడమే కష్టం. నన్నడిగితే హ్యాచ్‌బ్యాక్‌కు 300 నుంచి 500 ఆర్‌ఎంఎస్ చాలు. మిగిలిన డబ్బు బాక్స్ మీద, మంచి వైరు మీద పెట్టండి.

4. బాక్స్

సబ్ మాన్యువల్‌లో ఎన్ని లీటర్లు లేదా ఎన్ని ఘనపుటడుగులు కావాలో రాసి ఉంటుంది. ఒక ఘనపుటడుగు అంటే సుమారు 28 లీటర్లు. దాని ప్రకారం 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క పొడితో చేసిన గట్టి బోర్డు)తో చేయించుకోవడమే మేలు, రెడీమేడ్ బాక్స్ ఏ సబ్‌కూ పూర్తిగా సరిపడదు. డప్పు దెబ్బ, మృదంగం నాదం విడివిడిగా, బిగువుగా వినిపించాలంటే గాలి బయటికి పోకుండా పూర్తిగా మూసిన సీల్డ్ బాక్స్. డీజే పాటలకు ఛాతీ మీద గుద్దినట్టు కావాలంటే గాలి వచ్చిపోయే గొట్టం ఉన్న పోర్టెడ్ బాక్స్. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్నవాళ్ళు సీటు కింద పట్టే యాక్టివ్ సబ్ చూసుకోండి. దానికి ఆంప్ లోపలే ఉంటుంది కాబట్టి ఈ ఓమ్స్ గొడవంతా ఉండదు.

5. కొలిచాకే బాక్స్ మూయడం

సబ్‌ను బాక్స్‌లో బిగించే ముందు మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టండి. ముందు రెండు ప్రోబ్స్‌ను ఒకదానికొకటి తాకించి వచ్చే అంకెను గుర్తుపెట్టుకోండి. 0.2, 0.3 లాంటిది వస్తుంది. కాయిల్ కొలిచాక దాన్ని తీసేయాలి. 4 ఓమ్స్ కాయిల్ 3.2 నుంచి 3.7 మధ్య చూపిస్తే అంతా బాగున్నట్టే. మీటర్ కొలిచేది డీసీ రెసిస్టెన్స్, పెట్టె మీద రాసేది పాట నడిచేటప్పటి ఇంపెడెన్స్, అందుకే ఆ తేడా. రెండు కాయిల్స్ రీడింగులు దగ్గరదగ్గరగా ఉండాలి. అంకె ఏదీ రాకపోతే కాయిల్ తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే షార్ట్ అయింది.

తర్వాత పోలారిటీ. గోడ గడియారంలో వేసే 1.5 వోల్ట్స్ సెల్ ఒకటి చాలు. సెల్ ప్లస్‌ను కాయిల్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించి తీసేయండి. కోన్ (సబ్ ముందు భాగంలో కదిలే గిన్నెలాంటి భాగం) బయటికి కదలాలి. రెండో కాయిల్‌కూ ఇలాగే చేయండి. ఒక కాయిల్ తిరగబడితే కాడికి కట్టిన ఎడ్లు చెరోవైపు లాగినట్టే: పవర్ అంతా పోతుంది, శబ్దం రాదు, వేడి మాత్రం వస్తుంది. రెండు సబ్స్ ఉంటే రెండు కోన్లూ ఒకేసారి బయటికి రావాలి.

జంపర్ వైర్లు పెట్టి, బాక్స్ టెర్మినల్ దాకా కనెక్షన్ ఇచ్చాక, టెర్మినల్ దగ్గర మళ్ళీ కొలవండి. మన ఉదాహరణలో ప్యారలల్ కాబట్టి 1.6 నుంచి 1.9 దాకా రావాలి. 7 వస్తే సిరీస్ చేశారన్నమాట. ఇక్కడ సరిచూసుకున్నాకే స్క్రూలు బిగించండి. లోపలి వైరు కోన్‌కు తగలకుండా టేపుతో బాక్స్ గోడకు అంటించాలి.

6. బ్యాటరీ నుంచి పవర్ వైరు

ఎంత కరెంటు కావాలో చూద్దాం. 400 వాట్స్ బయటికి రావాలంటే, 80 శాతం సామర్థ్యం ఉన్న క్లాస్ డీ ఆంప్ 500 వాట్స్ తీసుకుంటుంది. 13.8 వోల్ట్స్‌తో భాగిస్తే 36 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లు పడుతుంది అనుకుంటే, అసలైన రాగి 8 గేజ్ వైరులో (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) ఈ కరెంటుకు 0.37 వోల్ట్స్ దాకా పోతుంది. 4 గేజ్‌లో 0.15 మాత్రమే. నేనైతే 4 గేజ్ వేయమనే చెబుతాను.

కిట్ కొనేటప్పుడు మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. పైన లావుపాటి ప్లాస్టిక్, లోపల సన్నటి తీగ, పైగా అది అల్యూమినియం మీద రాగి పూత. ఒక తీగ బయటికి లాగి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే పూత వైరే. అది రాగి మోసేంత కరెంటు మోయదు. అదే కొనక తప్పకపోతే ఒక సైజు పెద్దది తీసుకోండి. అసలైన 8 గేజ్‌లో రాగి 8 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది, 4 గేజ్‌లో 21.

పని మొదలుపెట్టే ముందు 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ విప్పేయండి. వైరును ఇంజిన్ గదిలోంచి లోపలికి తెచ్చేటప్పుడు ఫైర్‌వాల్‌లో (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) ఉన్న రబ్బరు గ్రోమెట్‌కే (వైర్లు దూరే చోట ఉండే రబ్బరు బిరడా) చిల్లు పెట్టి దూర్చాలి. రేకు అంచుకు వైరు రాసుకుంటే పైతొక్క కోసుకుపోయి షార్ట్ అవుతుంది. కార్లు తగలబడే దారుల్లో అదొకటి. మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది వైరును, ఆంప్‌ను కాదు. డిక్కీలో ఆంప్ పక్కన ఫ్యూజు పెట్టి చేతులు దులుపుకునేవాళ్ళు ఉన్నారు. అప్పుడు మధ్యలో ఉన్న 5 మీటర్ల వైరుకు ఏ రక్షణా లేనట్టే. విలువ ఆంప్ మీదున్న ఫ్యూజుల మొత్తానికి దగ్గరగా ఉండాలి, వైరు మోయగలిగిన దాన్ని దాటకూడదు. మన ఆంప్‌కు 40 లేదా 50 సరిపోతుంది. పని మొత్తం అయ్యేదాకా ఫ్యూజు పెట్టొద్దు.

ఎలక్ట్రిక్ కారైతే నారింజ రంగు కేబుళ్ళ దరిదాపులకు పోవద్దు, అవి హై వోల్టేజ్‌వి. 12 వోల్ట్స్ బ్యాటరీ వేరేగా ఉంటుంది, పవర్ దాని నుంచే.

7. ఎర్త్

ఎర్త్ అంటే ఆంప్ మైనస్ వైరును కారు బాడీకి కలపడం. శబ్దంలో గరగర, ఇంజిన్ రేజ్ చేస్తే ఈల, ఊరికే ప్రొటెక్ట్ లైటు వెలగడం, ఈ మూడింట్లో ఏది వచ్చినా ముందు ఎర్త్ చూడాలి. ఆంప్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు, బాడీకి వెల్డింగ్ అయి ఉన్న మందపాటి రేకు వెతకండి. సీటు బోల్టు, సీటు బెల్టు బోల్టు వాడొద్దు. శాండ్ పేపర్‌తో రంగు, దాని కింది ప్రైమర్ కూడా పోయి వెండిలా మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్దండి. లగ్గును (బోల్టు దూరే రంధ్రం ఉన్న లోహపు కొస) వైరుకు గట్టిగా క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, బోల్టుతో, స్ప్రింగ్ వాషర్‌తో బిగించి, పైన కొంచెం గ్రీజు లేదా పెయింటు పూయండి. లేకపోతే మన వానాకాలానికి తుప్పు పట్టేస్తుంది. డ్రిల్ చేయాల్సి వస్తే కింద పెట్రోల్ ట్యాంకు, బ్రేక్ పైపు లేవని కారు కిందికి వంగి చూసుకున్నాకే. ఎర్త్ వైరు పవర్ వైరంత లావు ఉండాలి.

ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర దానంతట అదే ఇంజిన్ ఆగే సిస్టమ్ ఉన్న కార్లలో బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద ఒక సెన్సర్ ఉంటుంది. లోపలికి, బయటికి పోయే కరెంటును అది లెక్కపెడుతుంది. ఎర్త్‌ను నేరుగా బ్యాటరీ మైనస్‌కు ఇస్తే దాని లెక్క తప్పుతుంది. బాడీకే ఇవ్వండి.

8. సిగ్నల్, రిమోట్

కంపెనీ స్టీరియోకు చాలాసార్లు ఆర్‌సీఏ అవుట్‌పుట్ (ఆంప్‌కు సిగ్నల్ ఇచ్చే గుండ్రటి సాకెట్) ఉండదు. ఆంప్‌కు హై లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైరు సిగ్నల్‌ను నేరుగా తీసుకునేది) ఉంటే వెనక స్పీకర్ల వైర్ల నుంచి సిగ్నల్ నేరుగా దానికి ఇవ్వొచ్చు. లేకపోతే మధ్యలో లైన్ అవుట్ కన్వర్టర్ (స్పీకర్ సిగ్నల్‌ను ఆర్‌సీఏ సిగ్నల్‌గా మార్చేది) పెట్టాలి. వారంటీ గురించి టెన్షన్ ఉంటే ఆ మోడల్‌కు సరిపోయే కప్లర్ హార్నెస్ (ఒరిజినల్ ప్లగ్గులకే తగిలించే వైర్ల సెట్టు) కొనండి, ఒరిజినల్ వైరు కోయనక్కర్లేదు.

ఆంప్‌ను ఆన్ చేసే రిమోట్ వైరు మామూలుగా నీలం మీద తెల్ల గీత ఉండేది. స్టీరియోకు అది లేకపోతే, తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజు నుంచి తీసుకోండి. ఎప్పుడూ కరెంటు ఉండే చోట కలిపితే ఆంప్ ఆగదు, రెండు మూడు రోజులు కారు తీయకపోతే తోసి స్టార్ట్ చేసుకోవాల్సిందే. సిగ్నల్ కేబుల్ కారుకి ఒక పక్క నుంచి, పవర్ వైరు ఇంకో పక్క నుంచి తీసుకెళ్ళండి.

9. గెయిన్ పెట్టడం

గెయిన్ వాల్యూమ్ నాబ్ కాదు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టే నాబ్. చెవితో పెట్టడం కన్నా మీటర్‌తో పెట్టడమే నయం. వాట్స్‌ను ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే వోల్ట్స్ వస్తాయి. 400 ఇంటూ 2 అంటే 800, వర్గమూలం 28.3.

కారును ఆరుబయట పెట్టి ఇంజిన్ ఆన్ చేయండి, మూసిన షెడ్‌లో వద్దు. సబ్ వైర్లు ఆంప్ నుంచి విప్పేయండి. స్టీరియోలో ఈక్వలైజర్ ఫ్లాట్, బేస్ బూస్ట్ సున్నా. ఆంప్ మీద కూడా బూస్ట్ సున్నా, లో పాస్ ఫిల్టర్ (పెట్టిన హెర్ట్జ్ కన్నా పై శబ్దాలను ఆపేది) పూర్తిగా పైకి, గెయిన్ పూర్తిగా కిందికి. 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్, 0 డెసిబెల్స్ లెవెల్‌ది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్లే చేయండి. వాల్యూమ్ గరిష్ఠంలో మూడొంతులకు పెట్టండి, 40కి 30. మీటర్‌ను ఏసీ వోల్ట్స్‌లో పెట్టి ఆంప్ స్పీకర్ టెర్మినల్స్ మీద ఉంచి, 28 వచ్చేదాకా గెయిన్ మెల్లగా పెంచండి. అక్కడితో ఆపి, ఆంప్ ఆఫ్ చేసి సబ్ కలపండి. ఇకపై ఆ 30 దాటి వాల్యూమ్ పెట్టొద్దు.

తర్వాత లో పాస్ 80 హెర్ట్జ్‌కు తెచ్చుకోండి. గొంతులు డిక్కీలోంచి వినిపిస్తుంటే ఇంకొంచెం తగ్గించండి. పోర్టెడ్ బాక్స్ అయితే సబ్‌సోనిక్ ఫిల్టర్‌ను (మరీ లోతైన శబ్దాలను ఆపేది) బాక్స్ ట్యూనింగ్‌కు, అంటే ఆ బాక్స్ పోర్టు ఏ హెర్ట్జ్‌కు చేశారో దానికి, కొన్ని హెర్ట్జ్ కిందగా పెట్టాలి, లేకపోతే ఆ కింది శబ్దాలకు కోన్ అదుపు తప్పి ఊగుతుంది. బేస్ బూస్ట్ ముట్టుకోకండి. 6 డెసిబెల్స్ పెంచితే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఆంప్‌ను నాలుగు రెట్ల పవర్ అడిగినట్టే. ఫేజ్ స్విచ్‌ను 0, 180 మధ్య మార్చి డ్రైవర్ సీట్లో కూర్చుని వినండి, ఎందులో బేస్ నిండుగా ఉంటే అదే.

10. పాట పెట్టాక తేడా వస్తే

బేస్ దెబ్బ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతుంటే కెపాసిటర్ కొనడానికి పరిగెత్తొద్దు. పాట నడుస్తుండగా ఆంప్ పవర్ టెర్మినల్స్ దగ్గర డీసీ వోల్ట్స్ చూడండి. అదే సమయంలో బ్యాటరీ దగ్గర కూడా చూడండి. బ్యాటరీ దగ్గర బాగుండి ఆంప్ దగ్గర 12 కిందికి పడితే లోపం వైరులోనో, ఎర్త్‌లోనో, ఫ్యూజు హోల్డర్‌లోనో ఉంది. రెండు చోట్లా పడితే బ్యాటరీ ముసలిదై ఉంటుంది, లేదా ఆల్టర్నేటర్ శక్తికి మించి అడుగుతున్నారు. చిన్న పెట్రోల్ కార్లలో 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మామూలే. ఇంజిన్ ఆపి గంటసేపు పెద్ద సౌండ్‌తో పాటలు పెడితే అది పొద్దున్నే మొరాయిస్తుంది.

ప్రొటెక్ట్ లైటు వెలిగితే సబ్ వైర్లు విప్పి మళ్ళీ ఆన్ చేయండి. లైటు పోతే తప్పు సబ్ వైపు ఉంది: బాక్స్ టెర్మినల్ దగ్గర ఓమ్స్ మళ్ళీ కొలవండి, ఏదైనా వైరు పోగు పక్క టెర్మినల్‌కు తగులుతోందేమో చూడండి. పోకపోతే ఎర్త్, ఆ తర్వాతే ఆంప్.

మొదటి వారం బాగా వాయించాక పవర్, ఎర్త్, స్పీకర్ టెర్మినల్ స్క్రూలన్నీ ఇంకోసారి బిగించండి. సన్నటి పోగుల వైరు ఒత్తిడికి సర్దుకుంటుంది, సబ్ అదురుకు స్క్రూలు కూడా వదులవుతాయి. పనిలో పనిగా ఫ్యూజు హోల్డర్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే లోపల కాంటాక్ట్ సరిగ్గా లేదు, హోల్డర్ మార్చేయండి.